వేలిముద్రల గుమస్తా

"కాగితాలు వెతికి ఇవ్వడం కూడా ఒక ఉద్యోగమేనా" అంటుంటారు మా ఆయన పురుషోత్తం, నేను ఆయన కారియర్ సర్దుతున్నప్పుడు. ఆయన పెడనలో బడిపంతులు. నేను బందరులో ఉప్పెన బాధితుల ఆఫీసులో రికార్డు గుమస్తాని. నాలుగింటికి లేచి, అందరికీ వండి, అత్తగారికి మందులిచ్చి పరిగెత్తుకొస్తాను. మానెయ్యమని ఆయన ఏడాదిగా అంటూనే ఉన్నారు, నేను కాదంటూనే ఉన్నాను.

ఎందుకు మానాలి? దివిసీమ మనుషుల కార్డులు ఎనిమిది వేలు. నేను చేరేనాటికి అన్నీ మగవాళ్ళ పేర్లతోనే పేర్చి ఉన్నాయి. మొగుడు కొట్టుకుపోయిన మనిషి వచ్చి తన పేరు చెబితే, కార్డు దొరకడానికి ఓ పూట పట్టేది. మూడు నెలల ఆదివారాలు ధారపోసి, ఊళ్ళవారీగా విడదీసి, ఆడవాళ్ళ పేర్లతో వేరే సూచిక రాశాను. ఇప్పుడు రెండు నిమిషాలు. వేలిముద్ర, కార్డు మీది పాత ముద్రతో భూతద్దంలో సరిపోతేనే ఇంటిస్థలం కాగితం ఇస్తాను. నాగూర్ బీ కాగితం కోసం ఆమె మరిది వస్తే వెనక్కి పంపించేశాను. మర్నాడు ఆవిడే వచ్చి వేలు పెట్టి తీసుకెళ్ళింది. మా ఆఫీసరు సోమేశ్వరరావు గారు నలుగురిలో మెచ్చుకున్నారు కూడా.

నిన్న ఆ ఆఫీసరు గారే పిలిచి, శుక్రవారంలోగా కొత్త గుమస్తాకి సూచిక నేర్పమన్నారు. ఏ కొత్త గుమస్తా? నా మొహం చూసి ఫైలు ఇటు తిప్పారు. నా రాజీనామా. అత్తగారిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకుంటున్నానట. దస్తూరీ మా ఆయనది. ఫైలు దగ్గరికి లాక్కున్నాను.

"ఇది నేను రాయలేదండీ."

"మీ ఆయనే స్వయంగా తెచ్చిచ్చారమ్మా. ఇంక పోల్చి చూసేదేముంది?"

కింద సంతకం చూశాను. గుండ్రంగా, పొందిగ్గా, ఇంగ్లీషులో. నేను ఏనాడూ ఇంగ్లీషులో సంతకం పెట్టలేదు. పదకొండేళ్ళ కాపురంలో నా సంతకం ఎలా ఉంటుందో ఆ మనిషి ఒక్కసారైనా చూడలేదన్నమాట. ఉద్యోగం పోతుందన్న భయం కంటే అదే నన్ను ఎక్కువ కుదిపేసింది. ఛీ, దొంగసంతకం పెట్టడానికైనా నా వైపు ఓసారి చూడాలి కదా.

అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని ఫిర్యాదు రాశాను. నేను రాజీనామా చెయ్యలేదనీ, నా పేరుతో దొంగసంతకం చేసింది పెడన పురుషోత్తం అనే వ్యక్తి అనీ రాసి, కింద తెలుగులో సంతకం పెట్టాను.

సోమేశ్వరరావు గారు రెండుసార్లు చదివారు. "మీ భర్త అని ఎక్కడా రాయలేదేమమ్మా?"

"ఆ సంగతి ఇంకా తేల్చుకోలేదండీ" అన్నాను.