వంపుకు కేంద్రం సెలూన్‌లో పడింది

తిన్నని గీత మీద గుర్రంలా పరుగెత్తే రౌటర్, అదే చెక్క కోసే కంప్యూటర్ మిషన్, వంపు రాగానే నత్తకు శిష్యరికం చేస్తోంది. ఆగుతుంది, ఆలోచిస్తుంది, అగ్గిపుల్ల తలంత దూరం జరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి క్షేమసమాచారాలు అడిగే దూరపు చుట్టానికీ దానికీ తేడా లేదు. ఆగిన చోటల్లా దాని కోసే మొన, బిట్టు, ఉన్నచోటనే తిరిగి చెక్కను మాడుస్తోంది. కార్ఖానా నిండా కమురు వాసన.

గ్రంథాలయానికి వంపు తిరిగిన పెద్ద బల్ల ఒకటి కావాలి. ఆరు చెక్కలు కోసి, పక్కపక్కన కలపాలి. శుక్రవారం ఉదయం మొదలైన మొదటి చెక్క, సాయంత్రానికి సగం కూడా తెగలేదు.

మేస్త్రి వరండాలోంచి ఇదంతా చూస్తున్నాడు. ముప్పయ్యేళ్లుగా కార్ఖానా నడిమధ్యన ఉన్న ఆయన పనిబల్లను, మిషన్‌కు చోటు కోసం వరండాలోకి జరిపించినవాడు అల్లుడు. అందుకే మేస్త్రి తీర్పు కూడా తూకం వేసినట్టే వచ్చింది. రేపు మధ్యాహ్నంలోగా మిషన్ తన చేతిరంపాన్ని మించకపోతే, పనిబల్ల లోపలికి, మిషన్ బయటికి. అల్లుడు మునుపటిలాగే గరుకు కాగితంతో మూలకు.

అల్లుడు వేగం పెంచాడు. నిమిషానికి మూడువేల మిల్లీమీటర్లు ఆరువేలయింది, ఆరువేలు ఇరవైవేలయింది. తెర మీద అంకె పెరిగింది. చెక్క మీద నడక పెరగలేదు. మిషన్‌కు నూనె పెట్టాడు, బిట్టు మార్చాడు, చివరికి మెల్లగా బతిమాలాడు కూడా.

శనివారం పొద్దున్న, అతని భార్య పాలిష్ గుడ్డ భుజాన వేసుకుని వచ్చి, తెర మీది బొమ్మను పెద్దది చేయమంది. చేశాడు. అది గీత కాదు, చీమల బారు. రెండువేల నూటనలభై ఆరు చుక్కలు. ఇవెక్కడివని ఆమె అడగనక్కర్లేదు. ఆ ఇంట పుట్టిన పిల్ల. పలుచని చెక్కతో ముందుగా అచ్చు చేసి, దాని అంచు మీద బొటనవేలు జరుపుతూ, వేలు ఆగిన చోటల్లా పెన్సిల్ చుక్క పెట్టడం తండ్రి పద్ధతి. ఈసారి నాలుగు రోజులు పెట్టాడు. అల్లుడు ఒక్క చుక్క కూడా వదలకుండా, వినయంగా, కంప్యూటర్లోకి ఎక్కించాడు. చుక్కకూ చుక్కకూ మధ్య ఒక చిట్టి గీత. గీత మారిన ప్రతిచోటా మిషన్‌కు ఒక మజిలీ.

"మా నాన్న మాట జవదాటని మొగుడు, మొగుడి మాట జవదాటని మిషన్," అంది ఆమె. "ఇంక పనెప్పుడు తెములుతుందండీ?"

చుక్కలన్నీ తీసేస్తే మూడే సంగతులు చాలు: వంపు ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, ఎక్కడ కేంద్రం. అప్పుడు మిషన్ ఒక్క ఊపున తిరుగుతుంది. అయితే ఆ చుక్కలు తీసేయడమంటే మామగారి వేలు తీసేసినంత పని. అల్లుడు వరండాలోకి వెళ్లి చెప్పాడు.

"అంటే నా వేలు అబద్ధం చెప్పిందా?"

"లేదు మామయ్యా. మీ వేలు చెక్క గరుకు దగ్గర ఆగింది. వంపు దగ్గర కాదు."

మేస్త్రి తన బొటనవేలిని చొక్కాకు తుడుచుకున్నాడు. తరువాత, కంటికి కనిపించని కేంద్రాన్ని నమ్మి చెక్క కోయడం తన వంశంలో లేదనీ, ఉంటే చూపించాలనీ అన్నాడు.

కంప్యూటర్ లెక్క ప్రకారం కేంద్రం ఆరు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల దూరంలో ఉంది. అచ్చును కిటికీ దగ్గర నిలిపి దారం పట్టారు. దారం కిటికీ దాటింది, సందు దాటింది, ఒక సైకిలును ఆపింది, ఎదుటి సెలూన్‌లో దూరి, తిరుగుడు కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న పోస్టుమాన్ ఒడిలో పడింది.

సెలూన్ యజమాని కత్తి పక్కన పెట్టి, ఇన్నేళ్లుగా తన కొట్లో ఒక కేంద్రం ఉందని ఎవరూ చెప్పలేదేమని నొచ్చుకున్నాడు. మేస్త్రి దారం కొసను పోస్టుమాన్ చొక్కా మూడో గుండీకి కట్టి, కదలవద్దన్నాడు.

"ఎంతసేపండీ?"

"ఆరు చెక్కలు తెగేదాకా. నువ్వు కదిలితే గ్రంథాలయం వంకరపోతుంది."

కేంద్రం ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కాక పోస్టుమాన్ కదిలినా, పరుగెత్తినా మిషన్‌కు పట్టదని అల్లుడు చెప్పబోయాడు. భార్య అతని కాలు తొక్కింది.

మేస్త్రి తిరిగి వచ్చి, దారం రెండో కొసను అచ్చు అంచు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాడు. ఎక్కడా వదులు కాలేదు, ఎక్కడా బిగియలేదు. మిషన్ వైపు గడ్డం ఊపాడు.

మిషన్ కదిలింది. ఆగలేదు, ఆలోచించలేదు. దఫాకు ఒక నిమిషం చొప్పున మూడు దఫాలు తిరిగి, చెక్కను విడిచిపెట్టింది. అంచు తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. మధ్యాహ్నానికి గంట మిగిలి ఉండగా ఆరో చెక్క కూడా తెగింది. ఈలోగా ఉత్తరాల కోసం సెలూన్‌కే వచ్చినవాళ్లకు, ఒక బుగ్గ నురుగుతో, మెడ తిప్పకుండా, పోస్టుమాన్ చేయి మాత్రం చాపి ఉత్తరాలు అందిస్తున్నాడు.

మేస్త్రి మొదటి చెక్క అంచు మీద బొటనవేలు ఆనించాడు. వేలు జారింది. జారి, జారి, చెక్క చివర దాటి గాలిలోకి పోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పోయింది. ఆయన ముఖంలో ఓడిన బాధ లేదు. ఇన్నాళ్లూ తప్పు దిక్కున వెతికినవాడి తొందర ఉంది.

"మిషన్ అక్కడే ఉండనీ అల్లుడూ," అన్నాడు. "చుక్కల పని నీది కాదు, నాదీ కాదు. ఇకనుంచి కేంద్రాల పని నేను చూస్తాను."

ఆ చెక్కలు ఇంకా దింపకముందే, తరువాత చేయవలసిన వంపు బెంచీ అచ్చును కిటికీ దగ్గర నిలబెట్టి, దారం ఉండ చేతబట్టి సందులోకి దిగాడు. ఆయన అడుగులు లెక్కపెడుతూ ఎదురు రావడం చూసి, మందుల కొట్టాయనా, కూరలబండి అత్తా, ఎందుకైనా మంచిదని, ఉన్నచోట ఉన్నట్టే నిలబడిపోయారు.