ఆయమ్మ పెట్టుడు పళ్లు

నేను ఒక పెట్టుడు పళ్ల సెట్టును. ఆరంటే ఆరే పళ్లు, వాటిని పట్టి ఉంచే గులాబి రంగు చిగుళ్లు. కరీంనగర్‌లో ఒక చిన్న గదిలో పుట్టాను. నన్ను అరగదీసి మెరుగుపెట్టిన మనిషి రోజంతా ఊరందరి నవ్వులూ తయారుచేస్తూ, తాను మాత్రం మూతి ముడుచుకునే ఉండేవాడు.

నన్ను పెట్టించుకున్నది రాజవ్వ. ఊళ్లో అంగన్‌వాడీ ఆయమ్మ. తడి బండ మీద జారిపడి ముందుపళ్లు పోగొట్టుకుంది. అప్పటినుంచి మాట్లాడితే నోటికి కొంగు అడ్డం, నవ్వొస్తే పెదవులు బిగింపు. గర్వం పెరిగిందనుకుని పక్కింటి కనకవ్వ పలకరించడం మానేసింది.

డాక్టరు నన్ను అమర్చి, "ఏదీ, ఒకసారి నవ్వమ్మా" అన్నాడు.

"నవ్వటానికి కాదు సార్, రొట్టె కొరకటానికి" అంది రాజవ్వ. నాకు కొంచెం చిన్నతనమనిపించింది.

ఆమె చెప్పింది నిజం కాదని తర్వాత తెలిసింది. అసలు సంగతి సహస్ర. మూడేళ్ల పిల్ల. తల్లి పత్తి ఏరడానికి పోతూ దింపి వెళ్తుంది. అంగన్‌వాడీలో ఆ పిల్ల మెతుకు ముట్టదు. త్రాసులో కూర్చోబెడితే ముల్లు పోయిన నెల గీత దాటదు. "ఆయమ్మకు కోపం" అని తల్లితో చెప్పిందట.

"ఈసారి కూడా బరువు పెరగకుంటే పెద్దాసుపత్రికి రాయాల్సిందే, రాజవ్వా" అన్నారు అరుణ టీచర్. "తల్లి కూలి మానుకుని అక్కడ కూసోవాలె."

రాజవ్వ నన్ను తొడుక్కుని నవ్వడం మొదలుపెట్టింది. పాపం, ఎంత కష్టపడిందో నోట్లో ఉన్న నాకు తెలుసు. దవడ బిగుసుకుపోయేది, నాలుక ఎండిపోయేది. సహస్ర నావైపు ఒకసారి చూసి టీచర్ కొంగు చాటున దాక్కుంది. నేనుంటే చాలు నవ్వు వచ్చేస్తుందని నేనూ అనుకున్నాను. ఒట్టి మిడిసిపాటు.

ఒకరోజు పప్పులోకి ఎండుమిరపకాయల పోపు ఘాటుగా లేచింది. సహస్ర ముందు పళ్లెం పెట్టబోతున్న రాజవ్వకు పెద్ద తుమ్ము వచ్చింది. నేను ఎగిరి చాప మీద పడ్డాను. సహస్ర నన్ను చూసింది, రాజవ్వ నోరు చూసింది. కిలకిలా నవ్వింది.

"ఆయమ్మ పళ్లు ఉరికినయ్!"

రాజవ్వ కొంగు కోసం చెయ్యి లేపి, మధ్యలోనే ఆపేసింది. నోరంతా తెరిచి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎదురుగా పిల్ల నోరు తెరిచే ఉంది. టీచర్ మెల్లగా ఒక ముద్ద పెట్టేశారు. నవ్వుల మధ్య అది మింగిన సంగతి సహస్రకే తెలియదు.

ఆ తర్వాత రోజూ అన్నం వేళ "పళ్లు తియ్యి" అనేది. తీస్తే ఒక ముద్ద. ఆ నెల త్రాసు ముల్లు గీత దాటింది. టీచర్ ఆసుపత్రి కాగితం మళ్లీ బీరువాలో పెట్టేశారు.

ఈ కబురు విని కనకవ్వ గోడ దగ్గరికొచ్చింది. "గర్వమనుకున్న గదనే ఇన్నొద్దులు."

"పళ్లు లేక మూతి మూసుకున్ననే పిచ్చిదానా!"

ఇద్దరూ కలిసి తినడం మళ్లీ మొదలైంది. బిగబట్టుకున్న రోజుల్లో సాయంత్రానికి రాజవ్వకు కణతలు లాగేవి, తిన్నది సహించేది కాదు. ఇప్పుడు దవడ వదులుగా ఉంటుంది, రొట్టె రుచిగా నములుతుంది. పిల్లలు ఆమె ఊడ్చే చీపురు వెంటే తిరుగుతారు. డాక్టర్లు ఏమంటారో నాకు తెలియదు, లోపలినుంచి నేను చూసింది ఇదీ.

మొన్న సహస్ర వచ్చింది. ఒకటో తరగతి ఇప్పుడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"ముందుపన్ను ఊడింది. బడిల నవ్వుతున్నరు."

రాజవ్వ నన్ను తీసి అరచేతిలో పెట్టుకుని, బోసినోటితో నవ్వింది. సహస్ర చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

నేను తయారైంది నోట్లో ఉండటానికి. నా బతుకులో మంచి పనులు రెండూ బయటికొచ్చాకే జరిగాయి. ఎవరికి దండం పెట్టాలో తెలియదు, నాకు చేతులు లేవు. ఆ రోజు రాజవ్వ నన్ను నీళ్లలో వేసి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయింది. కిటికీలో, స్టీలు గ్లాసు అడుగున పడుకుని, వాళ్లిద్దరూ నవ్వుతుంటే వింటూ ఉండిపోయాను.