పొగాకు లేని పేట

నాకు మైకు దొరికితే వదలను. ఈ మాట మా ఆవిడ నిర్మల అంటుంది, మా పాస్టరు గారు అంటారు, చివరికి మైకు అద్దెకిచ్చే జకరయ్య కూడా అంటాడు. ఇది మైకు లేకుండా చెబుతున్నాను కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నా పేరు మధుబాబు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. తెనాలిలో ఆఫీసు ఉన్న ఒక క్యాన్సర్ పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ సూపర్‌వైజర్ని. ఎవరికి ఏ అలవాట్లున్నాయి, ఏం తింటారు, ఏ పని చేస్తారు అని వేల మందిని అడిగి రాసుకోవడం, తర్వాత ఏళ్ల తరబడి వాళ్ల వెంటపడి ఎవరికి జబ్బు వచ్చిందో, ఎవరికి రాలేదో చూడడం మా పని. పొగాకు అలవాటు ఉందన్నవాళ్లని బాపట్లలోని మా పరీక్షా కేంద్రానికి పిలిచి నోరు తెరిపించి చూస్తారు. లేదన్నవాళ్లని పిలవరు, అంత మందిని చూడడానికి డాక్టర్లు లేరు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఉద్యోగం కాక నాకింకో హోదా ఉంది. రేపల్లె పక్కనే ఉన్న మా పేటలో లూథరన్ చర్చికి నేను సంఘ పెద్దని. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం ఎవరెవరు బల్ల దగ్గరికి వచ్చారో రిజిస్టర్లో రాసేది నేనే. నడత బాగాలేదనుకున్నవాళ్లకి కొన్నాళ్లు బల్ల ఆపుతారు, అంటే ప్రభు భోజనం ఇవ్వరు. ఆ సంగతి తేల్చేది పాస్టరు గారే అయినా, పెన్ను నా చేతిలో ఉంటుంది కాబట్టి జనం నా వైపే భయంగా చూస్తారు. నిజం చెప్పొద్దూ, నాకది బాగానే ఉండేది.

మూడో సంగతి, నేను సిగరెట్లు కాలుస్తాను. పొద్దున తెనాలి రైలెక్కే ముందు రేపల్లె స్టేషను వెనక సైకిల్ స్టాండు పక్కన ఒకటి, సాయంత్రం దిగాక ఒకటి. ఇంటి వెనక గోడ దగ్గర కాల్చేవి నేను లెక్కలో వేసుకోను, అవి ఆలోచించుకోవడానికి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఆపైన రెండు లవంగాలు కూడా నములుతాను. అలా ఇరవై ఆరేళ్లు ఎవరికీ తెలియదనే ధీమాతో గడిపాను.

జనవరిలో మా పేట సర్వే వంతు వచ్చింది. నిబంధన ప్రకారం ఇంటింటికీ వెళ్లి, పక్కన ఎవరూ లేకుండా, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. ఆ నిబంధన కొత్తవాళ్లకి నేర్పేది నేనే. కానీ సొంత ఊరు, అందరూ నావాళ్లు, ఆదివారం ఆరాధన అయ్యాక ఒకేచోట దొరుకుతారు. చర్చి వరండాలో కుర్చీ వేసుకుంటే పోలా అనుకున్నాను. సంతకాలు పెట్టించుకోవడానికి మెయిన్ బజారులో ఎప్పుడూ కొనే కొట్లోనే ఎర్ర అంచు పొడుగు రిజిస్టరు కొన్నాను. ప్రభు భోజనానికి వాడే రిజిస్టరు కూడా ఆ కొట్టుదే. అదే ఎరుపు, అదే పొడుగు. నా బుర్రకి అది తట్టలేదు.

మొదటి ఆదివారం జనం దగ్గరికి రావడానికి జంకారు. సూది గుచ్చుతారేమోనని ఒకావిడ భయం, రేషన్ కార్డు తీసేస్తారేమోనని ఇంకొకాయన అనుమానం. అప్పుడు నాలోని నాయకుడు నిద్రలేచాడు. మైకు అందుకున్నాను.

"భయపడాల్సిందేం లేదు. ఇదిగో, ముందు నా ఫారం నేనే నింపుతున్నా, చూడండి," అని ఒక్కో ప్రశ్నా గట్టిగా చదివి, ఒక్కో జవాబూ గట్టిగా చెప్పాను. పేరు, వయసు, చదువు, పని. "పొగాకు ఏ రూపంలోనైనా అలవాటు ఉందా?" అని చదివి తలెత్తాను. ముందు వరసలో పాస్టరు గారున్నారు. రెండో వరసలో నిర్మల ఉంది. "లేదు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా మీద గౌరవం అనుకున్నాను.

మూడు ఆదివారాల్లో నూట ఎనభై నాలుగు మంది అయిపోయారు. మిగతా సూపర్‌వైజర్లు చెప్పులరిగేలా తిరుగుతుంటే నేను ఫ్యాను కింద కూర్చుని ముగించాను. తెనాలి ఆఫీసులో క్యారేజీలు విప్పిన ప్రతి మధ్యాహ్నం ఈ ఘనకార్యం ఎవరో ఒకరికి వినిపించాను. పాపం, అన్నం ముందు కూర్చున్న మనిషి లేచిపోలేడు.

మార్చిలో ఒకరోజు ప్రసూన నన్ను తన కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. ప్రసూన దుగ్గిరాల నుంచి వచ్చే అమ్మాయి, మేం తెచ్చిన జవాబులన్నీ లెక్కగట్టి చూసే పని ఆమెది.

"సార్, మీ పేటలో పొగాకు సున్నా అండి."

"థాంక్సమ్మా," అన్నాను.

ప్రసూన తెర నా వైపు తిప్పింది. "మెచ్చుకోవడం కాదండి. మిగతా ఊళ్లలో నూటికి ముప్పై, నలభై వస్తున్నారు. మీ దగ్గర ఒక్కరు కూడా లేరు. చుట్ట లేదు, నశ్యం లేదు, పొగాకు కాడ నమలడం లేదు."

"మాది క్రమశిక్షణ గల సంఘమమ్మా."

"మీ పేట మొదట్లో కిళ్లీ కొట్టుంది కదండి. మరి వాళ్లు ఎవరికి అమ్ముతున్నారు సార్?"

ఆ కొట్టు గురించి మా పేటలో నాకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ.

"ఇంకోటండి," అంది ప్రసూన. "అందరికీ లేదని రాశారు కాబట్టి మీ పేట నుంచి బాపట్లకి ఒక్కర్నీ పిలవలేదు. ఎవరికన్నా నోట్లో మచ్చో, మానని పుండో, కారం తగిలితే మంటో ఉన్నా మనకి తెలిసే దారి లేదు."

కారం అన్న మాట దగ్గర నాకు మా పిన్ని కంచం గుర్తొచ్చింది.

కృపమ్మ పిన్ని మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను కేకలేసే హక్కున్న మనిషి ఆవిడొక్కతే. అరవై మూడేళ్లొచ్చినా ఇప్పటికీ మినుము పీకడానికి పోతుంది. మా ఇంటి వెనక గోడకి అవతలే ఆవిడ వాకిలి. రెండు వారాల క్రితం నేను, నిర్మల వాళ్లింట్లో భోంచేశాం. మాకు పచ్చిమిరపకాయలతో నూరిన గోంగూర పచ్చడి వడ్డించి, తను మజ్జిగన్నం పిసుక్కుని తింటోంది. ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజులు కదా, నోరు కట్టుకుందనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? "చూశావా నిర్మలా, భక్తంటే అదీ," అని మా ఆవిడకి క్లాసు పీకాను. నోటి క్యాన్సర్ లక్షణాలని మేం ఊరూరా పంచే కాగితంలో మూడో లైను, కారం తగిలితే మంట. ఆ కాగితం రాసింది నేనే.

ఆ సాయంత్రం రైలు దిగి సైకిల్ స్టాండు వైపు కూడా చూడకుండా నేరుగా పిన్ని వాకిట్లోకి పోయాను. ఆవిడ చేటతో మినుములు చెరుగుతోంది.

"పిన్నీ, ఒకసారి నోరు తెరువు."

"ఎందుకురా? నువ్వేవన్నా డాక్టరువా?"

"కారం తింటే మండుతోందా?"

"వయసు మీద పడ్డాక ఏది తిన్నా మండుద్ది."

"పొగాకు పెట్టుకుంటావా?"

చేట ఆగలేదు. "లేదని రాసుకున్నావు గదా. మళ్లీ అడగటం ఏంటి?"

నేనిప్పుడు అడుగుతున్నదీ సంఘ పెద్దలాగే అని అర్థమైంది. నిలబడి, చేతులు కట్టుకుని, జవాబు ముందే తెలిసినట్టు. సిగ్గేసింది. అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"పిన్నీ, నేను సిగరెట్లు కాలుస్తాను."

ఇరవై ఆరేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"తెలుసులేరా," అంది పిన్ని.

"ఎప్పట్నుంచి?"

"గోడవతల పొగ లేత్తా ఉంటే తెలవదా? పేటంతా తెలుసు. లవంగాల వాసనొచ్చిందంటే మధుబాబు కాల్చొచ్చాడని చంటిపిల్లలు కూడా చెబుతారు."

"మరి మైకులో లేదన్నప్పుడు ఎవరూ ఏం అనలేదే?"

"ఏవంటాం? సదువుకున్నోడివి, పెద్దోడివి. కాలుత్తావని అందరికీ తెలిసీ లేదన్నావంటే, ఆ కాయితంలో అట్టానే చెప్పాల కామోసనుకున్నాం. నీ ఎనకమాల అందరం అట్టానే చెప్పాం. పైగా ఎర్ర రిజిస్టరు ముందు పెట్టుకుని కూచున్నావు. ఉందంటే ఎక్కడ బల్ల ఆపేత్తారోనని సగం మందికి గుండెల్లో రాయి."

గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను నా నలుపు పేటంతటికీ పూసి, తెలుపని రాసుకొచ్చాను.

పిన్ని చేట పక్కన పెట్టి బొడ్లోంచి చిన్న గుడ్డ సంచి తీసింది. అందులో పొగాకు కాడ ముక్కలున్నాయి. "నాట్లకి పోయే రోజుల్లో ఆకలి తెలవకుండా బుగ్గన పెట్టుకునేదాన్ని. నలభై ఏళ్లయ్యింది," అని నోరు తెరిచింది. ఫోను లైటు వేసి చూశాను. ఎడమ బుగ్గ లోపల బొటనవేలి గోరంత తెల్ల మచ్చ, మధ్యలో ఎర్రగా చిట్లి ఉంది. అలాంటి మచ్చల ఫొటోలు గోడంత తెర మీద వేసి వందసార్లు పాఠం చెప్పాను. ఒక్కసారి కూడా భయం వేయలేదు. ఇప్పుడు వేసింది.

గురువారం చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కాం. కేంద్రంలో డాక్టరు పద్మజ గారు లైటు వేసి, వేలితో తడిమి, మెడ నొక్కి చూశారు.

"ఎప్పట్నుంచి మంటమ్మా?"

"క్రిస్మస్ రోజు పులిహోర తిన్నానండి. అప్పటినుంచి."

డాక్టరు గారు కాగితం మీద రాసుకుంటూ, "సర్వే ఎప్పుడు చేశారు మధుబాబు గారూ?" అని మామూలుగానే అడిగారు.

"జనవరిలోనండి," అన్నాను. ఆవిడ అది కూడా రాసుకున్నారు. తిట్టినా బాగుండేది.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను సిగరెట్టు ముట్టలేదని చెబితే వినడానికి బాగుంటుంది. మామూలుకంటే ఎక్కువే కాల్చాను. గోడవతల పిన్ని దగ్గు వినపడితే ఆర్పేసేవాణ్ణి, అంతే.

క్యాన్సరే. కానీ చిన్నది, మెడలోకి దిగలేదు. కోసి తీసేస్తే సరిపోవచ్చన్నారు. "ఇంకో ఏడాది ఇలాగే మజ్జిగన్నంతో నెట్టుకొస్తే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అన్నారు పద్మజ గారు. కేంద్రం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పిన్నే వచ్చి, "లేరా, బస్సు పోద్ది," అంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మైకు అడిగాను. పాస్టరు గారు అనుమానంగానే ఇచ్చారు. "జనవరిలో ఇక్కడే నిలబడి పొగాకు అలవాటు లేదని చెప్పాను. ఉంది," అన్నాను. ఈసారి అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నిర్మల. నవ్వులు ఆగాక, సర్వే మళ్లీ చేస్తారనీ, ఈసారి అడిగేది నేను కాదనీ, ఎవరు ఏం చెప్పినా ఎవరికీ బల్ల ఆగదనీ పాస్టరు గారి చేతే చెప్పించాను.

ఏప్రిల్లో ప్రసూన ఇద్దరు అమ్మాయిలతో వచ్చి ఇంటింటికీ తిరిగింది. ఆ వారం రోజులు నేను పేటలో ఏ గడపా తొక్కకూడదని ఉత్తర్వు. నూట ఎనభై నాలుగు మందిలో, నాతో కలిపి, డెబ్బై ఒక్కరు ఉందన్నారు. మా సున్నా అలా పోయింది. చివర్న ప్రసూన మా ఇంటికొచ్చింది, నా ఫారం ఒక్కటే మిగిలింది.

అప్పటికి పిన్నికి గుంటూరులో ఆపరేషనయి పది రోజులు. మా వరండాలోనే మంచం మీద ఉంది. బుగ్గకి కుట్లు, మాట్లాడకూడదన్నారు.

"పక్కన ఎవరూ ఉండకూడదు కదమ్మా," అన్నాను. నిబంధనలు నాకు తెలుసు మరి.

"ఆవిడ మాట్లాడలేరు కదండి, పర్లేదు," అంది ప్రసూన. "పొగాకు ఏ రూపంలోనైనా అలవాటు ఉందా సార్?"

"ఉంది. సిగరెట్లు."

"రోజుకి ఎన్ని?"

"రెండు."

మంచం కిర్రుమంది. పిన్ని కళ్లు మూసుకునే ఉంది, చెయ్యి మాత్రం పైకెత్తి నాలుగు వేళ్లు చూపించింది. ప్రసూన వేళ్ల వైపు చూసి, నా వైపు చూసింది.

"నాలుగు," అన్నాను.

ప్రసూన రాసుకుంది. "గురువారం బాపట్ల రావాలండి, నోటి పరీక్షకి."

"గురువారం నాకు ఫీల్డు పనుందమ్మా. వచ్చే నెలలో చూద్దాం. నాకేం మంటా లేదు, మచ్చా లేదు."

పిన్ని కళ్లు తెరిచింది. దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. దిండు కింద నుంచి తన ఫోను తీసి, తడుముకుని లైటు వేసి, నా గడ్డం పట్టుకుంది. వేలితో నా పెదవుల మీద కొట్టింది.

నోరు తెరిచాను.