ఆరితే ముదిరే రంగు

సున్నం మేస్త్రీ వెల్ల వేసిన గోడ మీద కాకి వాలితే కొంగై లేచేదని ఆ వీధిలో చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు వెళ్లి కాకినే అడగొచ్చు. అంతటివాడు ఆ వేళ రంగుల దుకాణంలో బుల్లి ట్యూబుల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

అతని భార్యకు చూపు మసకబారుతోంది. పోయిన చూపు ఇక రాదని, ఉన్నదీ నిలవదని కంటి డాక్టరు చెప్పేశాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"కళ్లుండగానే మన పాప ముఖం ఒక్కసారి చూపించయ్యా."

పసితనంలోనే జ్వరంతో పోయిన పిల్ల. ఉన్న ఒక్క ఫోటో, ఇల్లు కురిసిన ఏడాది అద్దానికి అతుక్కుని చెడిపోయింది. ఇక తానే ఆ ముఖం బొమ్మ వేయాలి.

"మొదటిసారా బాబాయ్?" అంది దుకాణం అమ్మాయి. "అయితే అన్నీ కొనకండి. ఎరుపు, పసుపు, నీలం చాలు. తెలుపు మాత్రం పెద్దది తీసుకోండి. ఇవి అక్రిలిక్ రంగులు. నీళ్లలో కలుస్తాయి, ఇట్టే ఆరిపోతాయి. ఆరితే కాస్త ముదురుతాయి. ముందు అట్టముక్క మీద వేసి చూసుకోండి."

"తాతకు దగ్గులు నేర్పకు తల్లీ. నేను రంగు కలిపే నాటికి మీ నాన్నకి లాగూ తొడుక్కోవడం రాదు."

సున్నం తడి మీద మసగ్గా ఉండి, ఆరాక తెల్లగా తేలుతుంది. అతని చేతికి తెలిసిన లెక్క అదే. అందుకని పాప బుగ్గల రంగు ఒక పిసరు ముదురుగానే కలిపి, ఆరితే అదే తేలుతుందిలే అనుకుని వేసేశాడు. ఆరింది. తేలలేదు. పాప ముఖం కమిలిపోయింది, ఆఖరి రోజు మంచం మీద ఉన్నట్టే.

బొమ్మను గోడవైపు తిప్పేశాడు.

"ఏం దాస్తున్నావయ్యా? చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఇటు తే."

ముక్కు ఆనించినంత దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఆ రోజు ముఖం వద్దు. అంతకు ముందుది కావాలి."

"అంతకు ముందుది నాకు గుర్తు రావట్లేదే," అన్నాడు. పాప పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ ఆ మాటే ఎత్తలేదు.

"ఓసారి పాప నీ చెప్పులేసుకుని వీధిలోకి పోతుంటే కేకేశావు కదా. ఏడ్చిందా?"

"ఏడవటమా! మూతి బిగించి నన్ను ఎగాదిగా చూసింది. అచ్చం నువ్వే."

"నేను కాదు, మీ అమ్మ."

అతను కుంచె అందుకున్నాడు. ఈసారి అట్టముక్క మీద వేసి, ఆరనిచ్చి, మళ్లీ కలిపి, ఆ బొమ్మ మీదే వేశాడు. మునుపటి కమిలిన రంగు కింద అణిగిపోయింది, పైన లేతరంగు నిలిచింది. ఆమె చెబుతూ పోయింది, అతను వేస్తూ పోయాడు.

చివరికి ఆమె బొమ్మను కిటికీ వెలుగులోకి తిప్పుకుంది.

"ముక్కు దానిది కాదు. గడ్డం అసలే కాదు."

"ఉండు, దిద్దుతా."

"ముట్టుకోకు. ముక్కు నాకు తెలుసులే. ఆ చూపు మాత్రం దానిదే."

అతను కుంచెను నీళ్లలో పడేసి, ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. కిటికీలో వెలుగు ఉన్నంతసేపూ ఆమె రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది.