వాపసు లేని బండి

కారు కొనేముందు షువైఖ్ గ్యారేజీలకు తీసుకెళ్లి మెకానిక్ ఖాజావలికి చూపించమని రూములో అందరూ చెప్పారు. వినలేదు. పెళ్లాం మాట విన్నాను. తప్పంతా ఆమెదేనని అనను, ఆ మాట నా చెవికీ తియ్యగానే ఉంది.

"చూపించేదానికి ఖర్చేంటికయ్యా? బాగలేకపోతే ఇచ్చేసొద్దాం" అంది సంజీవమ్మ.

"కారును వాపసు తీసుకుంటారా?"

"నన్ను తీసుకోలేదా?"

నిజమే. ఆమె కువైట్ వచ్చిన కొత్తలో ఒక ఇంట్లో నాలుగు నెలలు చేసింది. ఊరికే దగ్గుతోందని ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను పెట్టెతో సహా మక్తబ్‌లో దింపేసి, తను కట్టిన దినార్లు వెనక్కి తీసుకెళ్లింది. పనిమనుషులను తెప్పించే ఆ ఆఫీసు ఆరు నెలల గ్యారంటీ ఇస్తుందట. తర్వాత వాళ్లే ఆమెను ఇప్పుడున్న జాబ్రియా ఇంటికి పంపారు. మనిషికే ఇంత పద్ధతి ఉన్న దేశంలో బండికి ఉండదా అనుకున్నాం ఇద్దరమూ. ఎంత తెలివైనవాళ్లమో చూడండి.

నా తొందర నాది. తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో డ్రైవరుగా చేశాను. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్లే నడుపుకుంటున్నారని నా వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, నన్ను వదిలేశాడు. నెలాఖరులోపు ఇంకొకరి మీదకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మారకపోతే దేశం విడిచిపోవాలి. సొంత కారుంటే పనిలోకి తీసుకుని ఇఖామా మార్చుకుంటానన్నాడు, ఆఫీసులకు భోజనాలు పంపే ఒక ఆసామి. ఆదివారం బండితో రమ్మన్నాడు. ఒకే దేశంలో ఉంటూ సంజీవమ్మను నేను చూసేది వారానికి ఒక్క పూట, అదీ మామా సెలవిస్తే. ఆ ఒక్క పూటా పోకూడదనే మా తాపత్రయమంతా.

బుధవారం అల్ రాయ్‌లో ఒక షోరూములో పాత తెల్ల కారు కొన్నాను. చేతిలో ఉన్నదంతా దానికే పోయింది. అమ్మిన తస్లీమ్ హైదరాబాదువాడు, తెలుగొచ్చు. అరబ్బీ కాగితం ముందు పెడితే సంతకం చేశాను. అందులో ఏముందని అడగలేదు. అడిగితే బేరం చెడుతుందని భయం.

శుక్రవారం మధ్యాహ్నానికి గేర్లు పడటం మానేశాయి. ఖాజావలి కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"గేర్‌బాక్సు పోయింది సిద్ధయ్యా. మార్చల్లంటే నువ్వు బండికి పెట్టిన దాంట్లో సగమైతాది."

సంజీవమ్మ మాత్రం కంగారుపడలేదు. మామాను రెండు గంటలు సెలవడిగి వచ్చింది. ఖాజావలే కారును తన క్రేన్ బండికి తగిలించి షోరూము ముందు దింపాడు.

"రెండు దినాలే అయింది నాయనా, గీత గూడా పడలేదు. తీసేసుకోండి" అంది తస్లీమ్‌తో.

అతను నా కాగితం తీసి వేలు పెట్టి చూపించాడు. "చూసుకున్న, నడిపిన, ఎట్లున్నదో అట్లనే తీసుకుంటున్న అని రాసుంది. సంతకం నీదే గదా అన్నా? ఇగ ఖలాస్."

"మక్తబ్‌లో ఆరు నెలలిస్తారు గదా!"

తస్లీమ్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. నవ్వి ఉంటే వాడిని ఒక దెబ్బ కొట్టి, నేను కాస్త తేలికపడేవాడిని.

"అది మనుషులకమ్మా. బండ్లకు ఉండదు."

మక్తబ్‌లో దింపేసిన రోజు కూడా ఏడవలేదని గొప్పగా చెప్పుకునే మనిషి, ఆ కారు బానెట్ మీద చెయ్యి వేసి ఏడ్చింది. నాకు భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

తస్లీమ్ లోపలికెళ్లి ఓనరుతో మాట్లాడి వచ్చాడు. "వాపసు గాదు. పార్టుల కింద కొంటడంట. డెబ్బై దినార్లు."

నేను నోరు తెరిచేలోపే సంజీవమ్మ కళ్లు తుడుచుకుంది. "మద్రాసుకు టికెట్టెంత?" అని అడిగింది నన్ను.

"అరవై."

"తీసుకో అయితే."

మళ్లీ అరబ్బీ కాగితం వచ్చింది. ఈసారి చదివి చెప్పమన్నాను. తస్లీమ్ ప్రతి ముక్కా తెలుగులో చెప్పాడు. అంతా విని సంతకం చేశాను.

రెండు గంటలూ అయిపోయాయి. జాబ్రియా బస్సు రాగానే సంజీవమ్మ గబగబా ఎక్కేసింది. పనిలో పడితే తారీఖులు చూసుకునే మనిషి కాదు.

"వచ్చే శుక్రవారం పూటంతా సెలవడుగుతా. నువ్వు పొయ్యేలోపల కడుపునిండా మాట్లాడుకుందాం" అంది కిటికీలోంచి.

నెలాఖరు దానికి ముందురోజు, గురువారమే. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.