గుర్రం నోటికాడి క్యారెట్

పట్టపగలు, వార్డులో ఇంతమంది ఉండగా, సెయింట్ నికోలస్ గుర్రం కోసం బూటులో పెట్టిన క్యారెట్ మాయమైంది.

"తాతా! దొంగలు పడ్డారు!"

ఫెన్నా కేక ఏడో అంతస్తంతా వినిపించింది. పదేళ్ల పిల్ల. సెలైన్ స్టాండును బల్లెంలా పట్టుకుని నా ముందు నిలబడింది.

నా పేరు వీబె. ట్రామ్ నడిపి రిటైరయ్యాక ఈ కేన్సర్ వార్డులో పిల్లలకు కథలు చెబుతున్నాను. డిసెంబరు పండుగ దగ్గర పడితే పిల్లలంతా బూటు పెట్టి అందులో క్యారెట్ ఉంచుతారు. సెయింట్ నికోలస్‌ను మోస్తూ ఇళ్ల కప్పుల మీద నడిచొచ్చే తెల్లగుర్రం రాత్రికి అది తింటుంది, బదులుగా ఆయన కానుక వదిలి వెళ్తాడు. ఈ వార్డులోకి పచ్చి కూరలు రానివ్వరు, ఇన్‌ఫెక్షన్ భయం. అందుకని ఉడికించిన క్యారెట్టే పెట్టాం.

నా ధ్యాస మాత్రం దొంగ మీద లేదు. కిటికీ పక్క మంచం మీదున్న ఏడేళ్ల సీబ్రెన్ మీద ఉంది. మందుల దెబ్బకు వాడికి ఏం తిన్నా ఇనుము రుచే. నాలుగు రోజులుగా ఏదీ నోట పెట్టడం లేదు. సాయంత్రంలోగా తినకపోతే ముక్కులోంచి ట్యూబు వేస్తామని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ట్యూబు మాట ఎత్తితే చాలు, వాడు దుప్పట్లో దూరిపోతాడు. అందుకే నిన్న కథలో గుర్రానికీ అదే జబ్బు తెప్పించాను. పాపం, ఏది చూసినా దానికి వాంతే. వాడు పడీపడీ నవ్వాడు. సూపు మాత్రం ముట్టుకోలేదు.

"హిల్దక్కా, నోరు తెరు," ఫెన్నా నర్సును నిలదీసింది.

"నేనా? ఉడికించిన క్యారెట్టా? ఛీ!"

"అయితే తాతే. మీసానికి నారింజ రంగు చూడు!"

"అది గుమ్మడి సూపే, తల్లీ."

"దొంగలందరూ ఇలాగే సూపంటారు."

స్టాండు చక్రాలు కిర్రుకిర్రుమనిపిస్తూ మంచం మంచం తిరిగింది. సీబ్రెన్ దగ్గర ఆగింది.

"చేతులు చూపించు."

"చలేస్తోంది."

"హీటర్ పక్కనే పడుకుని చలేంట్రా? తియ్ చేతులు!"

"నువ్వేమైనా పోలీసువా, గుండక్కా?"

"నీది మాత్రం జడా?"

సీబ్రెన్ పకపకా నవ్వాడు. పళ్ల సందుల్లో ఏదో నారింజ రంగుగా కనిపించింది. ముందు చూసింది హిల్ద. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా గుండె ట్రామ్ గంటలా మోగింది. పైకి మాత్రం మొహం గంటు పెట్టుకున్నాను.

"సీబ్రెన్, అది గుర్రం సొత్తు. ఏం జరిగిందో దాచకుండా చెప్పు."

వాడు దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"నేనే తిన్నా. కానీ దొంగతనం కాదు తాతా. గుర్రానికి వాంతులన్నావుగా. తినకపోతే కళ్లు తిరిగి కప్పు మీంచి పడుతుంది. అప్పుడు అందరి కానుకలూ వీధి పక్క కాలవలో పడతాయి. అందుకని అది తినగలదో లేదో నేను ముందు నాకి చూశా. ఇనుములాగే ఉంది. కొంచెం కొరికా. ఇనుమూ క్యారెట్టూ కలిపినట్టుంది. ఉత్త క్యారెట్ ఎక్కడ మొదలవుతుందో చూద్దామని కొరుక్కుంటూ పోయా. తోకతో సహా అయిపోయింది. దానికి ఇంకోటి పెట్టండి. వెన్న రాయండి. గుర్రానికి కాదు, క్యారెట్‌కి. అది కూడా నేను రుచి చూశాకే పెట్టాలి, సరేనా?"