గురువుగారి పేరిట ఒక కంపు

సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే మరి. పూలన్నిటినీ తలదన్నే ఒక పరిమళ పదార్థాన్ని గురువుగారి ల్యాబులో తయారుచేసింది శిష్యురాలు. కొత్త పదార్థానికి కనిపెట్టినవాళ్లే పేరు పెట్టాలి, ఆ పేరెలా వచ్చిందో ఒక్క ముక్క రాయాలి, అదీ ఆనవాయితీ. మిషను కుట్టి తనను చదివించిన తల్లి పేరు చివర రసాయనాల పేర్లకుండే 'ఓల్' తగిలించి, ఆ కాగితాన్ని గురువుగారి చేతిలో పెట్టింది.

పెద్దమనిషి ఏం చేశాడు? తనే కనిపెట్టానన్నాడు. ఆ పేరు కొట్టేసి భార్య పేరు రాసుకున్నాడు. ఆ సంగతి సైన్సు పుస్తకంలో అచ్చయి వచ్చాక, మంచాన పడ్డ తల్లి కళ్లజోడు పెట్టుకుని పేజీ మీద వేలు ఆనించి వెతికింది. "ఏ వరుసలో ఉందే నా పేరు?" అంది. ఆ చలికాలమే తల్లి పోయింది.

క్షమించడమా? అప్పటినుంచి ఆ మాటెత్తితే శిష్యురాలికి ఒళ్లు మండేది! వేరే ల్యాబులో చేరి, పంతం పట్టి గంధకంతో కుస్తీ పడింది. చివరికి సాధించింది. కుళ్లిన గుడ్లు, చచ్చిన ఎలుకలు దాని ముందు దిగదుడుపే. ఒక్క బొట్టుకి బల్లులు కూడా గది ఖాళీ చేశాయి. దానికి గురువుగారి ఇంటిపేరు పెట్టి, చివర గంధకపు రసాయనాలకుండే 'థయాల్' తగిలించింది.

గురువుగారి పదవీ విరమణ సభ వచ్చింది. "మా శిష్యురాలు కొత్త పదార్థానికి నా పేరు పెట్టిందండోయ్!" అని ఆయన మైకు ముందు పొంగిపోయాడు. అదేం పదార్థమో కనుక్కునే ఓపిక ఆయనకెక్కడిది? పేరుంటే చాలు. "రామ్మా, ఆ పేరెందుకు పెట్టావో నువ్వే చెప్పు."

"చెప్పడమెందుకు సార్, చూపిస్తా," అంటూ ఆమె వేదికెక్కి చిన్న సీసా బిరడా తీసింది.

ముందు వరుస లేచింది. ఆ వెనకే హాలు హాలంతా ముక్కులు మూసుకుని గుమ్మం దగ్గర పోగయింది. "ఛీ ఛీ, ఇదా ఈయన పేరు!" అని ఎవరో పకపకా నవ్వారు. గురువుగారి మొహం కందగడ్డయింది.

"నా పరువు తీశావు కదే! ఆ పేరు తీసెయ్."

"తీసేస్తాను. ఆ పరిమళం కనిపెట్టింది మీరు కాదు, నేనని ఇప్పుడే అందరికీ చెప్పండి. దానికి మా అమ్మ పేరు పెట్టండి."

జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆయన మైకు మీదికి వంగాడు. నోరు తెరిచాడు. ఆగాడు.

"చెప్తాను తల్లీ, చెప్తాను. ఇంతకీ మీ అమ్మ పేరేంటి?"

ఆమె బిరడాను తన జేబులో వేసుకుని, సీసాను మైకు పక్కనే వదిలేసి మెట్లు దిగింది.